అమ్మ మెచ్చిన గొంతు

చాయ్ పెట్టమని బాపు అడిగాడు. అమ్మ మంచం మీద నుంచి లేచి, తల మీద కొంగు కప్పుకుని, చేతులు జోడించి నిలబడింది.

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అడిగింది బాపు గొంతే. కాకపోతే అది ఆదివారం పూట మందిరంలో మైకు ముందు నిలబడి, చివరి వరుసలో కునికిపాట్లు పడేవాళ్ళను కూడా లేపి కూర్చోబెట్టే గొంతు. "కరుణా, జర చాయ్ పెట్టు" అనే నాలుగు మాటలను ఒక్కొక్కటిగా సాగదీసి, మధ్యలో ఆగి, చివర్లో పైకెత్తి పలికింది. కళ్ళు కనబడని మనిషి ప్రార్థన మొదలైందనుకోక ఏమనుకుంటుంది? బాపు తన చేతిలోని ఫోన్ వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. ఆ ఫోన్‌లో ఆ గొంతును పెట్టింది నేనే.

"ప్రార్థన గాదమ్మా, బాపు చాయ్ అడుగుతుండు," అన్నాను.

"గట్లనా?" అంటూ అమ్మ కొంగు దించుకుని, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ అదే జరిగింది. టమాట నారుకు నీళ్ళు పెట్టాలని బాపు అంటే అమ్మ "ఆమెన్" అంది.

మాది కనకమామిడి. మా బాపు గిద్యోను వారమంతా చెలకలో కొత్తిమీర, పాలకూర, టమాట పండించేవాడు. ఆదివారం వస్తే సంఘంలో ప్రసంగం చేసేవాడు. జీతం తీసుకునే పాస్టర్ కాదు, సంఘ పెద్ద. పాస్టర్ గారు రాని వారం జనం ఎక్కువగా వచ్చేవాళ్ళని అమ్మ గొప్పగా చెప్పుకునేది. అంత గొంతు ఆయనది. ఆ గొంతులోనే గడ్డ పుట్టింది. దేవుడికి ఆ మనిషిలో తీసుకోవడానికి ఇంకేమీ దొరకలేదా అని నేను చాలాసార్లు అడిగాను. సిటీలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు బాపు మెడ కింద ఉన్న రంధ్రం నుంచే ఊపిరి పీలుస్తాడు. దాని మీద ఎప్పుడూ పలచని తువ్వాలు కప్పుకుని ఉంటాడు.

మాట పోయిన మనుషులు రాసి చూపిస్తారు, సైగలు చేస్తారు. మా ఇంట్లో అదీ కుదరలేదు. అంతకు ముందే షుగర్ వల్ల అమ్మ చూపు పోయింది. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. ఇప్పుడు ఆమెకు తలుపు ఎటుందో వెలుతురును బట్టి తెలుస్తుంది, అంతే. ఒకరు మాట్లాడలేరు, ఒకరు చూడలేరు. ఒకే ఇంట్లో ఒకే మంచం మీద కూర్చుని ఇద్దరూ ఒకరికొకరు అందకుండా పోయారు.

ఫోన్‌లో టైప్ చేస్తే చదివి వినిపించే గొంతు ఒకటి ముందే ఉంటుంది కదా, ఇలా అవుతుందని తెలిసి, ఆపరేషన్‌కు ముందే అలవాటు చేద్దామని మొదట అదే పెట్టాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా ఉంటుంది అది. "నీళ్ళు తాగినవా?" అని అది అడిగితే అమ్మ ముఖం అటు తిప్పుకుంది. "ఎవతె బిడ్డా అది మనింట్ల? దానితోని నేను మాట్లాడ," అంది. నిజంగానే మాట్లాడలేదు. బాపు టైప్ చేసీ చేసీ ఫోన్ పక్కన పడేశాడు.

అందుకే నేను బాపు గొంతుతోనే ఒక నెట్‌వర్క్‌కు నేర్పాలనుకున్నాను. నేను దొంతన్‌పల్లి దగ్గరున్న యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాములైన న్యూరల్ నెట్‌వర్కులకు కొంచెం డేటాతో ఎలా నేర్పాలన్నదే నా పని. నేర్పడమంటే మంత్రమేమీ కాదు. ముందు అది నోటికొచ్చింది వాగుతుంది. దాన్ని అసలు గొంతుతో పోల్చి ఎంత తప్పిందో లెక్కగడతాం. దాని లోపల లెక్కలు పొరలు పొరలుగా ఉంటాయి; ఆ తప్పును వెనక్కి పొర పొరకూ పంపించి, ఏ పొర వల్ల ఎంత తప్పు జరిగిందో ఆ మేరకు దాన్ని రవ్వంత సర్దుతాం. మళ్ళీ వాగిస్తాం, మళ్ళీ సర్దుతాం. విసుగు లేకుండా అలా లక్షలసార్లు చేస్తే చివరికి గొంతు వస్తుంది. మనం ఏం వినిపించామో అదే దానికి తెలిసిన లోకం. వినిపించనిది దానికి లేదు.

వినిపించడానికి గొంతు కావాలి కదా. ఆపరేషన్‌కు ముందు వారమంతా బాపును చేవెళ్లలో పరమేష్ అన్న స్టూడియోకు తీసుకెళ్ళాను. ఎలక్షన్లప్పుడు ఆటోల మీద మోగే ప్రచారం, పెళ్ళి బరాత్ పాటలు, క్రిస్మస్ పాటలు అన్నీ అక్కడే తయారవుతాయి. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉంటాయి. బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే నాకు సంగతి అర్థమైపోయింది.

"బాపు, ఇంట్ల ఎట్ల మాట్లాడుతవో గట్లనే మాట్లాడు. అమ్మను పిలువు. నన్ను తిట్టు," అన్నాను.

"మైకు ముంగట గవేం మాటలు బిడ్డా? పొయ్యే గొంతు. దేవుని వాక్యం చదివి పోనియ్యి."

"వాక్యం గూడ చదువు, వద్దంటలేను. ఇంటి మాటలు గూడ కావాలె."

"మైకు దేవుని కోసం పెట్టేది. కూరగాయల ముచ్చట్లు జెప్పెతందుకు గాదు," అన్నాడు. పరమేష్ అన్న కూడా ఆయన వైపే తల ఊపాడు.

మాలాంటి ఇళ్ళల్లో మైకు అంటే మందిరమే. జీవితంలో ఒక్కసారి కూడా మైకు పట్టుకుని ఇంటి మాట మాట్లాడని మనిషిని ఆ చివరి వారంలో మార్చడం నా వల్ల కాలేదు. వారమంతా వాక్యమే చదివాడు. నా పోరు పడలేక చివరి రోజు ఒక్కసారి "కరుణా" అన్నాడు. అది కూడా మందిరంలో సాక్ష్యం చెప్పడానికి ముందుకు రమ్మని పిలిచినట్లుంది.

ముందుగా వేలమంది తెలుగువాళ్ళ మాటలతో నేర్పిన పెద్ద మోడల్ ఒకటి తీసుకున్నాను. దానికి మాట్లాడటం వచ్చు, బాపులా మాట్లాడటం రాదు. దాని మీద బాపు చదివిన వాక్యమంతా పెట్టి నేర్పాను. వచ్చిన గొంతు అచ్చం బాపుదే, ఎవరూ వంక పెట్టలేరు. ఉప్పు అడిగినా, గొళ్ళెం పెట్టమన్నా, అమ్మ మాత్రం కొంగు కప్పుకుని నిలబడేది. పది మాటల తర్వాత బాపుకు సిగ్గేసి టైప్ చేయడం మానేశాడు.

అప్పుడు ఇంటి గొంతు కోసం వెతకడం మొదలుపెట్టాను. పాత వీడియోల్లో బాపు వెనక నుంచి దగ్గడం, ఎవరినో పక్కకు జరగమనడం తప్ప ఏమీ దొరకలేదు. చివరికి మా తమ్ముడు ఎజ్రా ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు దొరికాయి. వాడు మోకిలలో కొత్తగా వచ్చిన విల్లాల దగ్గర సూపర్‌వైజర్‌గా పనిచేస్తాడు. బాపు వాడికి పంపిన మెసేజ్‌లన్నీ వాడు తుడిచేయకుండా ఉంచుకున్నాడు. సంబరంగా విన్నాను. "ఎక్కడ సచ్చినవ్‌రా?" "మోటర్ బంద్ జేసినవా లేదా, చెవులల్ల పోస్తనే ఉన్న." "మీ అమ్మకు గోలీలు తెమ్మని ఎన్నిసార్లు జెప్పాలె?" మెత్తగా ఒక్క ముక్క లేదు. బాపు కోపమొచ్చినప్పుడే మెసేజ్ పెట్టేవాడు. మామూలు మాటైతే సాయంత్రం వాడు ఇంటికొచ్చేదాకా ఆగేవాడు.

ఉన్నదాంతోనే నేర్పాను. అంత కొంచెం డేటాతో నేర్పేటప్పుడు తొందరపడితే నెట్‌వర్క్ పాతదంతా మరిచిపోతుంది. అందుకే కింది పొరలను కదలనివ్వకుండా కట్టేసి, పై పొరలను మాత్రం కొద్దికొద్దిగా కదిలించాను. గొంతు మందిరం దిగి ఇంట్లోకి వచ్చింది. వచ్చింది కానీ కేకలు వేస్తూ వచ్చింది. "అన్నం తిన్నవా?" అంటే ఇంకా తినకుండా ఏం చేస్తున్నావన్నట్లు ఉండేది. "నిద్రపో" అంటే ఇంట్లోంచి పొమ్మన్నట్లు ఉండేది.

అమ్మ మొదట్లో పడీ పడీ నవ్వింది. "ఆఁ, గిది మనింటి గొంతే," అంది. కొన్నాళ్ళకు నవ్వడం తగ్గింది. తర్వాత ఆ గొంతు వినబడితే ఉలిక్కిపడటం మొదలైంది. చూపు లేని మనిషి మీద రోజంతా ఎవరో ఒకరు అరుస్తున్నట్లే కదా అది. ఒక సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"గొంతు ఆయనదే బిడ్డా. కని ఎప్పుడు తిట్టుడేనా?"

"బాపు ఇంట్ల గట్లనే మాట్లాడుతుండె గదమ్మా."

"నీ ముంగట. ఎజ్రా ముంగట, ఊరోళ్ళ ముంగట గట్ల. నాతోని ఇంకో తీరు మాట్లాడుతుండె. పొద్దుగాల మీరు లేవకముందు. చెలకల ఇద్దరం కూసొని కొత్తిమీర కట్టలు కట్టేటప్పుడు. గది నువ్వు ఇనలే."

నిజమే, నేను వినలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు. బాపు వంక చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. అమ్మ లోపలికి వెళ్ళాక, ఆ గొంతు ఎలా ఉండేదని ఆయన్నే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఏమో. యాదికి లేదు" అని టైప్ చేసి చూపించాడు.

ఉదాహరణ దొరకనప్పుడు కూడా నేర్పే పద్ధతి ఒకటుంది. ఈ మధ్య అందరూ దాని వెంటే పడ్డారు, నా పీహెచ్‌డీ కూడా దాని మీదే. సరైన జవాబు చూపించలేకపోతే, రెండు జవాబులు పక్కపక్కన పెట్టి ఏది నయమో మనిషిని అడుగుతాం. ఆ మనిషి ఎంచుకున్నవాటిని చూసి, ఆ మనిషికి ఏది నచ్చుతుందో అంచనా వేసే చిన్న నెట్‌వర్క్ ఒకటి తయారుచేస్తాం. ఇక ఆ చిన్నది మార్కులు వేస్తుంటే, పెద్దది ఆ మార్కుల కోసం తనను తాను మార్చుకుంటూ పోతుంది. దీనికున్న జబ్బేమిటో మా ల్యాబ్‌లో చాయ్ తెచ్చే అబ్బాయికి కూడా తెలుసు. అది నిజమేదో వెతకదు, మార్కులెక్కడ పడతాయో వెతుకుతుంది. నాకు వేరే దారి లేదు. అమ్మ ఒక్కతే విన్న గొంతు అది. అమ్మ చెవి తప్ప నా దగ్గర ఇంకేం డేటా ఉంది?

రోజూ సాయంత్రం చాయ్ తాగాక మొదలుపెట్టేవాళ్ళం. ఒకే మాటను రెండు రకాలుగా వినిపించేదాన్ని. అమ్మ తల కాస్త పక్కకు వంచి వినేది. "ఇది." "అది." "రెండు గావు." ఒక్కోసారి వివరం కూడా చెప్పేది. "ఆఖర్ల గట్ల కొట్టద్దు, ఇడిసిపెట్టాలె." "జర కిందికి. జెనమంత ఇనేటట్టు గాదు, నాకు ఇనొస్తే చాలు." మొదట్లో బాపు పక్కనే కూర్చుని ఆసక్తిగా వినేవాడు. పోను పోను మేం మొదలుపెట్టగానే లేచి చెలకకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. తన పెళ్ళాం తన గొంతులో ఇది బాగుంది, ఇది బాగాలేదని ఏరుతుంటే ఏ మగాడు కూర్చుంటాడు?

గొంతు మారుతూ వచ్చింది. బరువు తగ్గింది, అంచులు మెత్తబడ్డాయి, వేగం తగ్గింది. ఒకరోజు "కరుణా, అన్నం తిన్నవా?" అని వినిపించాను. అమ్మ చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది.

"మళ్ళ పెట్టు."

మళ్ళీ పెట్టాను. గుడ్డి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. "గిదే బిడ్డా. గిదే. ఎక్కడ దొరికింది నీకు?" అంది. నేను కూడా ఏడ్చాను. నా చదువు మొత్తంలో నాకు గర్వంగా అనిపించిన రోజు అదొక్కటే.

బాపుకు వినిపించడానికి చెలకకు పరుగెత్తాను. ఆయన విన్నాడు. ఫోన్ తీసుకుని, గొంతు వినిపించకుండా, రాసింది మాత్రం నాకు చూపించాడు. "నేనెన్నడు గిట్ల మాట్లాడలె."

"అమ్మ నువ్వే అంటున్నది బాపు."

"ఆమె ఇనాలనుకున్నది గిది. నేను మాట్లాడింది గాదు."

నా ముఖం మాడిపోయింది. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. మరిచిపోయింది ఆయనో, కల్పించుకుంది ఆమెనో. "తీసెయ్యాల్నా?" అని అడిగాను. బాపు ఇంటి వైపు చూశాడు. అమ్మ గడప దగ్గర కూర్చుని, చాలా కాలం తర్వాత ఏదో కూనిరాగం తీస్తోంది. "ఉండనియ్యి" అని రాశాడు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లు నాకు తెలిసినంతలో ఎన్నడూ లేనంత బాగుంది. అమ్మ రోజంతా ఆయన పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. బాపు వేళ్ళు నొప్పి పుట్టేదాకా టైప్ చేసేవాడు. గొంతు ఉన్నప్పుడు కూడా ఆయన ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడలేదు. సంఘంలోని ఆడవాళ్ళు వచ్చి వినిపోయేవాళ్ళు. మా గైడ్ మేడమ్‌కు ఫలితాలు చూపిస్తే మార్కులు ఇంత పైకి పోవడం ఎక్కడా చూడలేదని, వెంటనే పేపర్ రాయమని అంది.

ఒక్కటే ఇబ్బంది. ఆ గొంతుకు కోపం రాదు. ఎజ్రా ఆలస్యంగా వచ్చినప్పుడు బాపు పళ్ళు కొరుకుతూ "ఎక్కడ సచ్చినవ్‌రా?" అని టైప్ చేస్తే, అది జోలపాటలా వచ్చింది. ఎజ్రా పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. బాపు లేచి వెళ్ళి గోడను పిడికిలితో గట్టిగా గుద్దాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

బాపుకు ఒక అలవాటు ఉంది. ఒంట్లో ఎంత బాగోలేకపోయినా మాటల్లో బయటపడడు. తేలు కుట్టినా, బండి మీద నుంచి పడి చెయ్యి విరిగినా ఆయన అనేది ఒకటే మాట. "ఏం లేదు, జర నొప్పి." ఆ మాటను ఎలా అన్నాడో విని అమ్మ సంగతి పట్టేసేది. గొంతులో గడ్డ ఉన్నప్పుడు కూడా అంతే. ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ జలుబని మందులు రాసిస్తుంటే, "గిది జలుబు గొంతు గాదు" అని పట్టుబట్టి దవాఖానకు పంపించింది అమ్మే.

ఈసారి నొప్పి నడుములో మొదలైంది. "ఏం లేదు, జర నొప్పి" అని బాపు టైప్ చేశాడు. నెట్‌వర్క్ ఆ మాటను తలకు నూనె రాసినంత మెత్తగా పలికింది. అమ్మ నిశ్చింతగా జండూబామ్ రాసి ఊరుకుంది. వారం తర్వాత మళ్ళీ అదే మాట, అదే మెత్తదనం. "తగ్గుతున్నట్టున్నది బిడ్డా, ఇయ్యాల గొంతు మంచిగున్నది," అని నాకు చెప్పింది. ఆ గొంతు ఏ రోజైనా మంచిగానే ఉంటుంది. బాపు చిక్కిపోయాడు, కానీ అంత పెద్ద ఆపరేషన్ అయిన మనిషి చిక్కక ఏం చేస్తాడనుకున్నాం. నేను అడిగితే నాతోనూ అదే మాట ఆ గొంతుతోనే అన్నాడు. కళ్ళున్నదాన్ని, ఆ గొంతును పొర పొరా విప్పి తెలిసినదాన్ని, నేనూ ఊరట పడ్డాను.

ఒకరోజు పొద్దున చెలకలో కొత్తిమీర కట్టలు కడుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఎజ్రా, నేను ఆటోలో చేవెళ్లకు, అక్కడి నుంచి సిటీకి తీసుకెళ్ళాం. రోగం వెన్నెముకలోకి, ఊపిరితిత్తుల్లోకి పాకిందని చెప్పారు. ఇక చేయగలిగింది నొప్పి తగ్గించడం ఒక్కటే అన్నారు.

"ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా? భరించలేనంత నొప్పి ఉండుంటుంది. ఆయన చెప్పలేదా?" అని డాక్టర్ కోప్పడ్డాడు.

చెప్పాడు. రోజూ చెప్పాడు.

బాపును ఇంటికి తెచ్చాక నేను ల్యాబ్‌కు వెళ్ళి, అమ్మ కాదన్న గొంతులన్నీ తెరిచి విన్నాను. వాటిల్లో కొన్ని వణికాయి. కొన్ని పొడిబారి మధ్యలో తెగిపోయాయి. కొన్ని బరువుగా, దిగులుగా ఉన్నాయి. అమ్మ అన్నింటినీ "ఇది గాదు" అంది. ఎందుకనదు? పక్కనున్న మనిషి నొప్పితో మాట్లాడాలని ఎవరు కోరుకుంటారు? అలా సాయంత్రం సాయంత్రం ఆ గొంతులోంచి నొప్పి మొత్తాన్ని ఆమె చేతే ఏరి పారేయించాను. ఇప్పుడు మళ్ళీ పెట్టాలంటే బాపు నొప్పితో మాట్లాడిన గొంతు కావాలి. ఆ గొంతు సిటీ దవాఖానలో ఎప్పుడో చెత్తలో కలిసింది. నేర్పే పద్ధతుల మీద ఇంత చదువు చదివి, నా తండ్రికి ఒక మూలుగు తయారుచేసి ఇవ్వలేకపోయాను. మేడమ్ ఫోన్ చేసి పేపర్‌ను అచ్చుకు ఒప్పుకున్నారని చెప్పింది. ఫోన్ పెట్టేసి బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

పాత తిట్ల గొంతైనా పెడతానని బాపును అడిగాను. కనీసం అందులో కరుకుదనమైనా ఉంటుంది. బాపు వద్దని చెయ్యి ఊపాడు.

అమ్మకు ఎవరో ఒకరు చెప్పాలి. మధ్యాహ్నం బాపు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నొప్పికి ముఖమంతా ముడతలు పడి, దుప్పటి అంచును రెండు చేతులతో పిసుకుతున్నాడు. అమ్మ ఆ మంచం అంచునే కూర్చుని పాలకూర తుంచుతోంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు.

"అమ్మా, బాపుకు రోగం తిరగబెట్టింది. నొప్పి మస్తున్నది. ఇగ లాభం లేదన్నరు," అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళకేం ఎరుక బిడ్డా? ఇన్నేండ్ల సంది ఆ గొంతు ఇంటున్న. మొదటిసారి రోగం పట్టింది ఎవరు, నేను గాదా? నొప్పుంటే గొంతుల ఉండదా? నాకు తెల్వదా?"

"అమ్మా, ఆ గొంతు—"

"ఎందుకు, ఆయన్నే అడుగుదాం." బాపు వైపు తిరిగింది. "నువ్వే చెప్పయ్యా. నొప్పున్నదా?"

బాపు ఫోన్ అందుకున్నాడు. ఎప్పటిలా వెంటనే నొక్కలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. ఏం రాస్తున్నాడో నాకు కనబడుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన "ఏం లేదు" అని రాయలేదు.

"మస్తున్నది కరుణా. భరిస్తలేను. సచ్చిపోతున్న," అంది గొంతు. ఎక్కడా తొట్రుపడలేదు. జనమంతా వినేటట్లు కాదు, అమ్మకు వినొస్తే చాలన్నట్లు పలికింది. చివరి మాటను కొట్టకుండా మెల్లగా విడిచిపెట్టింది.

అమ్మ ముఖం విప్పారింది. "ఇన్నవా?" అంది నాతో, నవ్వుతూ. "గిట్లనే మజాక్ జేస్తుండె నాతోని పొద్దుగాల. కట్టలు కట్టలేక సచ్చిపోతున్ననే అంటుండె. నేను బెదురుతె నవ్వుతుండె."

నేను నోరు తెరిచాను. బాపు చెయ్యెత్తి నన్ను ఆపాడు. అమ్మ నవ్వు ముఖాన్ని అలాగే చూస్తూ పడుకున్నాడు. తువ్వాలు కింద రంధ్రం గబగబా ఎగిసిపడుతోంది. కాసేపటికి మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

"అవునే. ఉత్తగనే అన్న," అంది గొంతు.

అమ్మ తడుముకుంటూ ఆయన చెయ్యి అందుకుంది. "నాకెరుక లేదా?" అంది.